న్యూట్రల్‌లో దిగిన కొండ

అడిగిన చోటే జవాబు చెప్పే అలవాటు చెంగమ్మవ్వకు లేదు. అరుగు మీద అడిగితే పొయ్యి దగ్గర చెబుతుంది. పొయ్యి దగ్గర అడిగితే ఎప్పుడో, ఏ దారిలోనో చెబుతుంది. కొన్నిటికి అసలు చెప్పదు. చింతపండు పిసుకుతూ గమ్మునుంటుంది. అయినా ఏనుగుమల్లమ్మ కొండ మీద, రేకుల కప్పు వేసిన ఆమె ఆశ్రమానికి జనం ఎక్కి వస్తూనే ఉంటారు.

మునిరత్నం ఆమెకు పాత శిష్యుడు. మదనపల్లెలో జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఆ ఉదయం బట్టల సంచితో సహా వచ్చాడు. పిలవకపోయినా కారెక్కి కూర్చుని అతని భార్య రెడ్డెమ్మ కూడా వచ్చింది.

"అవ్వా, ఇన్నేళ్లూ మీరు చెప్పినట్టే నడుచుకున్నాను," అన్నాడు మునిరత్నం. "ఇంట్లో దేనికీ అంటుకోకుండా ఉన్నాను. అరిచినా పలకను, ఏడ్చినా కదలను. అయినా పెద్దలు చెప్పిన శాంతి నాకు రాలేదు. రానురానూ లోపల నీరసం పెరుగుతోంది. ఆ ఇల్లే నన్ను తినేస్తోంది. ఇక్కడే ఉండిపోతాను, అనుమతి ఇవ్వండి."

ఇల్లు ఏం తిన్నదో కూడా చెప్పాలి గదా. కూతురు హేమలతకు డాక్టరు చదువులో సీటు రెండోసారి తప్పిపోయింది. వారంగా ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. పెట్టింది ముట్టదు, పిలిస్తే పలకదు. తండ్రి గుమ్మం దగ్గర నిలబడి, "వచ్చేది వస్తుంది, పోయేది పోతుంది" అని ఒక మాట పడేసి, తన గదిలోకి పోయి ధ్యానానికి కూర్చున్నాడు. మగవాళ్లకు వైరాగ్యం ఎప్పుడొస్తుందయ్యా అంటే, ఇంట్లో వాళ్లకు వాళ్లతో పనిపడిన రోజే వస్తుంది.

"అవ్వా, ఉండనిస్తే ఉండనీ," అంది రెడ్డెమ్మ. "మా ఇంట్లో ఉన్నా గోడకు తగిలించిన పటమే. ఆ పటం నీ గోడకు తగిలించుకో. కాకపోతే పిల్ల మొహం ఒకసారి చూసి రమ్మను."

అవ్వ ఇద్దరినీ చూసింది. లేచి చీర దులుపుకుంది. "నాకు అంగట్లో కందిపప్పు కావాల. కిందికి తీసకపో నాయనా. సంచి ఈడనే ఉండనీ," అంది.

మునిరత్నం కారు పెట్రోలు ఇంజనూ, కరెంటు మోటారూ రెండూ ఉన్న హైబ్రిడ్ రకం. అవ్వ ముందు సీట్లో కాళ్లు మడుచుకుని కూర్చుని, ఎదురుగా వెలుగుతున్న తెర మీద బ్యాటరీ బొమ్మను వేలితో తాకింది. కొండెక్కి వచ్చిన బండి గదా, బొమ్మ అడుగున ఒక్కటంటే ఒక్క గీత మిగిలింది.

"ఇదేంది నాయనా, ఇది కూడా నీ మాదిరే నీరసంగా ఉండాది?"

ఆ మాటతో మునిరత్నానికి పాత పుండు రేగింది. "మోసం అవ్వా! లీటరుకు ఇరవై ఎనిమిది ఇస్తుందని అమ్మినవాడు ప్రమాణం చేశాడు. కొన్న రోజు నుంచీ చూస్తున్నాను, పదిహేడు దాటితే ఒట్టు. బ్రేకు వేసినప్పుడు పోయే బలాన్ని పట్టి బ్యాటరీలో దాచుకుంటుందట. అంతా కట్టుకథ!"

"ఇరవై ఎనిమిది యాడ కొలిచినారంట?"

"గదిలో. చక్రాలను రోలర్ల మీద పెట్టి."

"గాలీ కొండా ఎదురొచ్చే మనిషీ లేని గదిలో నువ్వూ ఎంతైనా ఇస్తావులే," అంది అవ్వ. వెనక సీట్లో రెడ్డెమ్మ ఫక్కున నవ్వింది.

మొదటి మలుపు దాటగానే, మునిరత్నం గేరు మీది చెయ్యి తనంతట తానే కదిలింది. బండి న్యూట్రల్‌లో పడింది, చక్రాలకు ఇంజనుతోనూ మోటారుతోనూ పొత్తు తెగింది. దిగుడు వస్తే న్యూట్రల్ వెయ్యడం అతనికి తండ్రి నేర్పిన విద్య. ఆ తండ్రి జీపులో కొండలు దిగినవాడు. వాలు కనబడితే చాలు, వంతెన దిగుతున్నా సరే, అతని చెయ్యి ఆ పని చేసేస్తుంది. "చుక్క పెట్రోలు కాలదు అవ్వా. దేనికీ తగులుకోకుండా దిగిపోవడమే," అన్నాడు గర్వంగా.

దేనికీ తగులుకోని బండి పరుగందుకుంది. ఒక పక్క రాయి, ఒక పక్క లోయ. మలుపు మలుపుకీ మునిరత్నం బ్రేకును అణిచి తొక్కుతున్నాడు. బండి విసురుగా ఆగుతుంది, మళ్లీ జారుతుంది. కాసేపటికి ఏదో మాడుతున్న వాసన లోపలికి వచ్చింది.

"ఏందయ్యా అది, కాలతా ఉండాదే!" అంది రెడ్డెమ్మ. వెంటనే తనే, "ఏం లేదులే అవ్వా, వారంగా మా ఇంట్లో ఇదే వాసన. ఆయన ముక్కుకు ఇప్పుడు తగిలింది," అంది.

తరవాతి మలుపులో బ్రేకు ఎంత తొక్కినా చాలినట్టు లేదు. ఎలాగో బండిని కొండ పక్కకు తెచ్చి ఆపాడు. చక్రాల దగ్గర సన్నగా పొగ. దాని మీంచి లోయలోని చెట్ల తలలు కదులుతూ కనిపిస్తున్నాయి.

పొగ తగ్గి, చక్రాలు పూర్తిగా చల్లబడేదాకా అవ్వ కొంగుతో విసురుకుంటూ కూర్చుంది. తరవాత, "ఎవరూ పట్టుకోనట్టు పోతా ఉండాది నాయనా, నాకు భయంగా ఉండాది," అంది. "గేరులో పెట్టి దింపు. బ్రేకు తొక్కద్దు. పసిబిడ్డ వీపు మీద చెయ్యేసినట్టు ఆనించు. మలుపు కనబడినప్పుడే ఆనించు, మీద పడినాక కాదు."

ఆమె తెలిసి చెప్పిందో, ముసలి ప్రాణం భయపడి చెప్పిందో, ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

మునిరత్నం గేరులో పెట్టాడు. పాదం ఆనించాడు. ఇంజను చప్పుడు లేదు. సన్నగా, తేనెటీగ దూరంగా పోతున్నట్టు, ఎక్కడినుంచో ఒక నాదం లేచింది. ఇంతసేపూ జారిన బండి ఇప్పుడు దిగుతోంది. ఏదో పెద్ద చెయ్యి కింది నుంచి పట్టుకుని మెట్టు మెట్టుకీ దించుతున్నట్టుంది. తెర మీద ఒక గీత రెండైంది. అతను నమ్మలేదు. ఇంకో మలుపుకు మూడైంది.

"ఇంజను ఆగిపోయింది గదా, మరి ఇది ఎట్ల నిండతా ఉండాది?" అంది రెడ్డెమ్మ. ఆమె గొంతులో వెటకారం లేదు.

మునిరత్నానికి జవాబు తెలుసు. ఎత్తున ఉన్న బరువులో బలం దాగి ఉంటుందని లెక్కల్లో ఎన్నిసార్లు నల్లబల్ల మీద రాశాడో. రాసి, చెరిపి, చేతులు దులుపుకున్నాడు. ఇవాళ ఆ లెక్క అతని పాదం కింద కదులుతోంది. ఎక్కేటప్పుడు కొండ మింగిన పెట్రోలును కొండే తిరిగి ఇస్తోంది. తన బరువు, భార్య బరువు, అవ్వ బరువు, ఎవరూ ఓ బలంగా లెక్క పెట్టని ఈ బరువులన్నీ మలుపు మలుపుకీ వెలుగు గీతలవుతున్నాయి. మంచు విడిపోయి కింద మైదానం, చెరువులు, టమాటా తోటలు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. ఇన్నాళ్లూ ఎన్ని దిగుళ్లు దిగాడు! దిగిన ప్రతిసారీ ఈ బండి ఇవ్వడానికే చెయ్యి చాచింది. తను చెయ్యి వదిలించుకుని, ఇవ్వలేదని తిట్టాడు.

కొండ అడుగుకు వచ్చేసరికి బొమ్మ నిండిపోయింది. చదునైన రోడ్డు మీద, ఆ కొండ ఇచ్చిన బలంతోనే, బండి చప్పుడు లేకుండా చాలా దూరం పోయింది. గొర్రెలు అడ్డొస్తే పాదం ఆనించాడు, ఆటో అడ్డొస్తే ఆనించాడు. ఊళ్లో అడుగుకో అడ్డం. నిన్నటిదాకా ఒక్కొక్క అడ్డానికీ ఒక్కొక్క తిట్టు తిట్టినవాడు, ఇవాళ ఒక్కొక్కటీ ఏమిస్తుందా అని తెర వంక చూశాడు.

అవ్వ అంగడి ఊసు ఎత్తలేదు. మునిరత్నం కూడా అడగలేదు. బండి తిన్నగా అతని ఇంటి ముందుకే వచ్చింది. ఎంత నిశ్శబ్దంగా వచ్చిందంటే, గేటు దగ్గర పడుకున్న కుక్క చెవి కూడా కదపలేదు. హేమలత గది కిటికీ వారం నుంచీ మూసినట్టే మూసి ఉంది. రెడ్డెమ్మ దిగి గేటు తీసి పట్టుకుంది. లోపలికి పోలేదు, రమ్మని అనలేదు.

మునిరత్నం ఆ కిటికీని చూశాడు. "అవ్వా, లోపలికి పోయి నేనేం చెప్పాలి? నాకు మాట రాదు. నేనడిగిన దానికి మీరింకా జవాబే చెప్పలేదు," అన్నాడు. అంటుండగానే, అలవాటుకొద్దీ అతని చెయ్యి గేరును న్యూట్రల్ వైపు తోసింది.

అవ్వ తన ముడతల చెయ్యి అతని చేతి మీద వేసింది.

"అప్పుడే ఆడికి తొయ్యొద్దు నాయనా. దిగాల్సింది ఇంకా ఉండాది."