గండన్న పొయ్యి ఒట్టు

పశువుల పాక వెనక ఒక వంగతోట. తోటలో పిట్టలు, పాకలో నొసట తెల్లచుక్క ఉన్న ముసలి గేదె చుక్కమ్మ, రెండింటి మధ్య గోడ మీద గండన్న. గండన్న అంటే గండుపిల్లి. రాత్రి పొయ్యిలో చేరితే బారెడు పొద్దెక్కినా లేవని ఘనుడు. అందుకే పిల్లుల్లో పెద్ద ఒట్టు పొయ్యి మీద ఒట్టు. అది తప్పిన పిల్లికి ఇక ఏ పొయ్యీ వెచ్చగా ఉండదని వాళ్ల నమ్మకం.

ఆ ఒట్టు గండన్న ఒకసారి వేశాడు. గడ్డివామి పక్కన ఆదమరిచి పడుకున్నప్పుడు ఊరకుక్క మీదికొస్తుంటే, ఒక కుట్టుపిట్ట గొంతు చించుకుని అరిచి లేపింది. గోడెక్కి బతికిపోయిన గండన్న, "తల్లీ, ఇకమీద మీ కుట్టుపిట్టల వంశం జోలికి రాను, పొయ్యి మీద ఒట్టు" అన్నాడు. అప్పుడు కడుపు నిండుగా ఉంది మరి.

తర్వాత ముసురు పట్టింది. ఎలుకలు కలుగులు దాటి రాలేదు. ఆకలితో వంగమొక్కల్లో దూరిన గండన్న పంజా కింద ఒక పిల్లపిట్ట పడింది.

"నన్ను తినకు మామా, నేను కుట్టుపిట్టను" అంది వణుకుతూ.

నిజానికది గడ్డిపిట్ట పిల్ల. దాని తల్లి రివ్వున వచ్చి పక్కన వాలింది. "మేం కుట్టుపిట్టలమే బాబూ. చూడు, గూడు ఆకులు కుట్టి కట్టుకున్నాం."

గూడు కుట్టిన మాట నిజమే. గడ్డిపిట్టలూ ఆకులు కుడతాయన్న సంగతి గండన్నకేం తెలుసు?

"కుట్టుపిట్టకి నెత్తిన ఎరుపుండాలి కదా?"

"పిల్లకి అప్పుడే ఎరుపెక్కడిది? నువ్వు పుట్టగానే కళ్లు తెరిచావా?"

"మరి నీ నెత్తికేమైంది?"

"ఇంత వానలో తడిస్తే అందరిదీ ఒకటే రంగు నాయనా."

పంజా ఎత్తలేక, నొక్కలేక, గండన్న పాక వైపు తిరిగాడు. "చుక్కత్తా, ఇది ఏ పిట్టో చెప్పి పుణ్యం కట్టుకో."

చుక్కమ్మ నెమరు ఆపింది. అది ఏ పిట్టో ఆమెకు బాగా తెలుసు. పంజా కింద పిల్ల గుండె కొట్టుకోవడమూ కనబడుతోంది. పాపం అనిపించింది.

"నేను చెప్పి అది తప్పయితే, పొయ్యి పోయేది నీకు అల్లుడూ. ఒట్టు తీసి గట్టున పెట్టే రకమైతే ఇప్పుడే మింగెయ్. మాట మీద నిలబడేవాడివైతే దీన్ని వదిలి, ముందు తేడా నేర్చుకో. నేర్చుకున్నాక గడ్డిపిట్టల్ని జన్మంతా నిశ్చింతగా తినొచ్చు."

జన్మంతా అన్న మాట గండన్నకు నచ్చింది. పంజా తీశాడు.

ఇక గోడ మీదే కాపురం. తోకలు చూశాడు, రెండు జాతులూ తోక నిక్కబొడుస్తాయి. వాన వెలిశాక రంగులు తేలాయి. కుట్టుపిట్టకు నెత్తిన ఇటుక రంగు, వీపున ఆకుపచ్చ. గడ్డిపిట్టకు తలా వీపూ బూడిద రంగు. పిల్లల దగ్గర ఆ లెక్కా పనిచెయ్యలేదు. చెవులు రిక్కించాడు. కుట్టుపిట్ట ఒక్క కూతనే పట్టుకుని వాయించేస్తుంది. గడ్డిపిట్ట ఎగిరినప్పుడల్లా చిటికెలు వేసినట్టు టప్ టప్‌మంటుంది. ఆహా, దొరికింది అనుకున్నాడు. అన్నాళ్లూ చుక్కమ్మ పాలు పితికించుకునేటప్పుడు కావాలనే కాలు కదిపి, అల్లుడి కోసం కాసిని ఒలకబోసేది.

చూడగా చూడగా అక్కర్లేనివీ తెలిసిపోయాయి. ఎవరు ఎవరి గూటి పీచు కాజేస్తారో తెలిసింది. ఆనాటి పిల్ల ఎగరబోయే ముందు తోక ఆడించి, ధైర్యం చాలక మళ్లీ కూర్చుంటుందనీ తెలిసింది. అది మొదటిసారి కొమ్మ వదిలి చిక్కుడు పందిరి మీద వాలినప్పుడు, ఊపిరి బిగబట్టింది తల్లి ఒక్కతే కాదు.

ఒక మధ్యాహ్నం ఆ పిల్లే పందిరి మీంచి టప్ టప్‌మంటూ లేచి, అదుపు తప్పి గండన్న కాళ్ల ముందు పడింది. గడ్డిపిట్ట. అనుమానం లేదు, ఒట్టు అడ్డం లేదు, ఆకలీ ఉంది. పంజా లేచింది.

"నేనెవరో తెలిసిపోయిందా మామా?" అంది పిల్ల కళ్లు మూసుకుని.

"తెలిసింది. తోక ఆడించి ఆగిపోయే పిరికిదానివి" అన్నాడు గండన్న. లేచిన పంజాతో తన మూతి తుడుచుకున్నాడు. "ఎగిరేటప్పుడు కిందికి చూడకు. పో."

తిన్నగా పాకలోకి వెళ్లాడు. "అత్తా, నన్ను మోసం చేశావు."

"ఏం మోసం? తేడా తెలిసిందా లేదా?"

"తెలిసింది. ఇప్పుడు ఏదీ గొంతు దిగేట్టు లేదు."

చుక్కమ్మ నవ్వాపుకుని నెమరు వేసుకుంది.

ఈ కబురు ఎలుకలకూ చేరింది. ఆ సాయంత్రం ఒక ఎలుక కలుగు ముందుకొచ్చి దర్జాగా కూర్చుంది. "గండన్న మామా, మాలోనూ రెండు రకాలున్నాయి. కాస్త దగ్గరికొచ్చి నా చెవులు చూడు, తేడా..."

గండన్న గట్టిగా కళ్లు మూసుకుని దూకాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందని లోకం ఎగతాళి చేస్తుంది గాని, గండన్న మాత్రం ఆ పూట నుంచి ఎలుకనూ అలాగే పట్టాడు.

నీతి: తినదలచుకున్నదాన్ని తేరిపార చూడకూడదు, చూశాక తినబుద్ధి కాదు.