జాజిపెట్ట ఎందుకరిచింది?

ఒకప్పుడు కోడిపెట్టలకి అరుపన్నదే తెలీదు. పుంజులు కూసేవి, పిల్లలు కీచుకీచుమనేవి, పెట్టలు మాత్రం చిన్నగా గుసగుసలాడుకునేవి. గట్టిగా అరవాల్సిన పనేముంది? గుడ్డు పెట్టడం, ఆ క్షణమే దాని మీద కూర్చోవడం. మర్నాడు ఇంకోటి పెట్టి, దాన్నీ కడుపు కిందకి లాక్కోవడం. లేవమంటే లేచేవి కావు.

అచ్చాయమ్మ పెరట్లోని జాజిపెట్టా అంతే. ఇటుకరంగు ఈకలు, ఒళ్లంతా టెక్కు. తొలిసారి గుడ్లు పెట్టిందేమో, పెట్టినదాన్ని పెట్టినట్టే పొదిగేసింది.

మొదట పెట్టిన గుడ్డు ముందుగా పగిలింది. పసుపుముద్దలాంటి పిల్ల బయటికొచ్చి, "అమ్మా, ఆకలి!" అంటూ పెరట్లోకి పరుగో పరుగు.

"ఆగవే! నీ చెల్లెళ్లింకా లోపలే ఉన్నారు!" అంది జాజి.

వింటేగా!

పైన గద్ద గిరికీలు కొడుతోంది. కిందేమో గుడ్లలోంచి టిక్కు టిక్కుమని చప్పుడు. ఇటు కూర్చుంటే ఆ పిల్ల పోతుంది. అటు వెళితే? ఆలోచించే తీరికెక్కడిది, దూకేసింది.

పిల్లని రెక్క కింద దాచి, గద్ద పోయేదాకా ఆగి, నాలుగు నూకలు తినిపించి వచ్చేసరికి గుడ్లు చల్లబడిపోయాయి. జాజి ఒక్కోదానికీ చెవి ఆనించి వింది. ఎక్కడా చప్పుడు లేదు.

"అమ్మా, నాతో ఎవరాడతారు?" అనడిగింది పిల్ల.

జాజి దాన్ని రెక్క కిందకి లాక్కుంది.

అచ్చాయమ్మ వచ్చి పక్కన చతికిలబడింది. "అయ్యో జాజీ! ఎంత పనయిందే!"

"నేను కూర్చునే ఉన్నానత్తా. మంచినీళ్లకి కూడా లేవలేదు."

"అదే తప్పే పిచ్చిమొహమా! ముందు పెట్టినదాన్ని ముందే లేపేశావు. గుడ్డులో పిల్ల వెచ్చదనం తగిలేదాకా నిద్రలో ఉంటుంది. ఈసారి పెట్టిన వెంటనే లేచిపో. గుడ్లు నేను దాస్తాను. సరిపడా పోగవగానే అన్నీ ఒక్కరోజే నీ కింద పెడతాను."

"చల్లబడితే చచ్చిపోవూ?"

"లేచాక చల్లబడితే పోతాయి. లేవకముందు చల్లదనమే వాటికి హాయి. మరీ ఎక్కువ రోజులు కాదులే."

జాజి ఓరగా చూసింది. "ఈలోగా నువ్వు అట్టేసుకుని తినేస్తే?"

"ఓసి నీ అనుమానం కూలా!" అని పడీపడీ నవ్వింది అచ్చాయమ్మ.

కొన్నాళ్లకి జాజి మళ్లీ గుడ్డు పెట్టింది. ఎంత వెచ్చగా ఉందో! ఎంత నున్నగా ఉందో!

"లే జాజీ."

"ఒక్క నిమిషం అత్తా."

"ఆ ఒక్క నిమిషమే కొంప ముంచుతుంది. లే!"

అచ్చాయమ్మ ఆ గుడ్డుని కడక్కుండా, కుదపకుండా తీసుకెళ్లి, నీళ్లకుండల పక్కన నీడలో ఉన్న ఊకకుండలో, వెడల్పు వైపు పైకుండేలా నిలబెట్టింది. రోజూ దాన్ని ఓసారి ఇటూ, ఓసారి అటూ ఒరిగించేది, నిద్రలో పిల్లని పక్కకి తిప్పినట్టు.

జాజి పెరటి చివరిదాకా నడిచింది. కడుపు కింద ఏదో వెలితి. కాలు ముందుకి పడుతోంది, మెడ వెనక్కి తిరుగుతోంది.

"ఏంటలా ఉన్నావ్?" అనడిగింది గాలి.

"నేను వదిలేసి పోయాననుకుంటుందేమో నా గుడ్డు. ఇక్కడే ఉన్నానని దానికెలా తెలుస్తుంది?"

"నువ్వు చెప్పు. నేను మోసుకెళతా."

జాజి నోరు తెరిచింది. గుసగుస అంతదూరం పోదు. గొంతు బిగించింది. లోపలున్న బెంగంతా ఒక్కసారి తోసుకొచ్చింది. "కొక్... కొక్... కొక్కొక్కొక్కోక్!"

పుంజు గోడ మీంచి దభేల్న జారింది. "ఏయ్! ఏంటా గోల? కూత నాది!"

"నువ్వు పొద్దుని పిలుచుకో. నేను నా బిడ్డతో చెప్పుకుంటున్నా. పో!"

అలా ప్రతి గుడ్డుకీ అరిచింది. ఒకరోజు మధ్యాహ్నం అచ్చాయమ్మ కునుకు తీస్తుంటే జాజి పిల్లిలా ఊకకుండ దగ్గరికి చేరింది. ముక్కుతో ఒక గుడ్డుని తాకింది. రాయంత చల్లగా ఉంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి కూర్చుంటే? అప్పటికే రెక్కలు విచ్చుకున్నాయి. అంతలో ఆనాడు ఆగిపోయిన ఆ టిక్కుటిక్కులు గుర్తొచ్చాయి. రెక్కలు ముడుచుకుని, పెరటి చివరికి పరిగెత్తి, మునుపెన్నడూ లేనంత గట్టిగా అరిచింది. అచ్చాయమ్మ ఉలిక్కిపడి లేచి, "ఎవరే! ఎక్కడే!" అంటూ చీపురు పట్టుకుని వెతికింది.

చివరికి ఆ రోజు వచ్చింది. గంపలో గడ్డి పరిచి, గుడ్లన్నీ పేర్చి, "రావే తల్లీ, ఇక నీ ఇష్టం" అంది అచ్చాయమ్మ. జాజి కూర్చుంది. ఈకలన్నీ గొడుగులా విప్పి మరీ కూర్చుంది.

పిల్లలన్నీ ఒక్కరోజే పెంకులు పగలగొట్టుకుని, ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికొచ్చాయి.

అప్పటినుంచే పెట్ట గుడ్డు పెట్టగానే గూడు దిగి, దూరంగా పోయి, ఊరంతా వినేలా అరుస్తుంది. గొప్పలు పోతోందని మనం నవ్వుకుంటాం. పొదిగేటప్పుడు చూడండి, ఆ కేక మళ్లీ వినపడదు. ఇంకెవర్ని పిలవాలి? అందరూ కడుపు కిందే ఉన్నారుగా!