బాతు కడుపులో చక్రం

శేషఫణికి కావలసింది ఒక్క పళ్ళచక్రం. అర్ధరూపాయి బిళ్ళంత ఉంటుంది, ఇత్తడిది. దానికోసం ఏడాదిన్నరగా చెప్పులరిగేలా తిరుగుతున్నాడు.

అరవై ఏళ్ల కిందటి ఒక సినిమాలో హీరో వేరే గ్రహానికి వెళ్లి కిరణాల తుపాకీ పేలుస్తాడు. ఆ తుపాకీ ఎప్పుడో స్టూడియో గోదాములో తగలబడిపోయింది. కొత్తగా పెడుతున్న సినిమా మ్యూజియం వాళ్లు అలాంటిదే మళ్లీ చేసిపెట్టమని ఫణిని అడిగారు. సినిమాలకు వస్తువులు తయారుచేయడంలో కృష్ణానగర్‌లో అతనికి మంచి పేరు.

అసలు తుపాకీని చేసింది అతని గురువు దస్తగిరి మాస్టారే. అప్పట్లో మద్రాసులో ఆటబొమ్మలు విప్పి, ఆ ముక్కలతోనే కూర్చాడు. రేకు కారు బంపరు, బొమ్మరైలు పొగగొట్టం, అన్నీ ఫణికి దొరికాయి. తుపాకీ గొట్టం మూతి దగ్గర తిరిగే పళ్ళచక్రం దొరకలేదు. అది తాళం తిప్పితే నడిచే రేకుబాతు కడుపులోది.

"అచ్చు పోసుకోవయ్యా, ఎవరికి తెలుస్తుంది?" అన్నారు తోటి పనివాళ్లు.

"నాకు తెలుస్తుంది. నా తుపాకీలో ప్రతి ముక్కా ఆ కాలపుదే ఉండాలి. ఒక్క ముక్క అచ్చుపోసినా అది మోసమే," అన్నాడు ఫణి, తల ఎగరేసి.

ఎర్రగడ్డ సంతలో ప్రతి ఆదివారం ఎండలో నిలబడ్డాడు. "బాతు ఉంది, రండి సార్" అని వరంగల్ పిలిపించినవాడు ప్లాస్టిక్ కోడిని చేతిలో పెట్టాడు. చివరికి నిడదవోలులో సుభద్రాయమ్మ అనే పెద్దావిడ ఇంట్లో, అద్దాల బీరువాలో కనిపించింది బాతు. పసుపురంగు కాస్త వెలిసింది గానీ, నడుస్తోంది. "మ్యూజియంలో పెడతామండీ, పిల్లలు చూస్తారు," అని చెప్పి తెచ్చుకున్నాడు.

బాతు రెండు సగాలనూ కలిపి పట్టేవి సన్నటి రేకు నాలుకలు. వాటిని వంచడంలో ఏమాత్రం తేడా వచ్చినా విరుగుతాయి. అందుకే విప్పిపెట్టమని యూసఫ్‌గూడలో మాస్టారి ఇంటికి పట్టుకెళ్లాడు.

మాస్టారికి ఎనభై దాటాయి. పొద్దున్నే దర్గాలో ఊదుబత్తి వెలిగించి వచ్చాకే పనిముట్టు ముట్టుకుంటాడు. బాతును అటూ ఇటూ తిప్పి చూశాడు. తాళం తిప్పి బల్ల మీద వదిలాడు. అది టకటకమంటూ ఆ చివరిదాకా నడిచింది.

"రేపు చూద్దాం," అన్నాడు.

మర్నాడు నూనె వేయాలన్నాడు. వేశాడు, నడిపించాడు, "రేపు చూద్దాం" అన్నాడు. మూడోరోజు కళ్లజోడు కనబడలేదు. నాలుగోరోజు కళ్లజోడు ఉంది, ఫణి కోసం టీ పెట్టాడు, బాతును నడిపించాడు, దాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఫణి పళ్లు బిగించి టీ తాగాడు. మ్యూజియం వాళ్ల ఫోన్లు ఒకవైపు. ఇంకోవైపు నిడదవోలు నుంచి సుభద్రాయమ్మ ఫోన్లు. ఆవిడ పేరు చూడగానే కట్ చేసేవాడు.

అయిదోరోజు మాస్టారు మళ్లీ తాళం మీద చెయ్యి వేశాడు. ఫణికి తిక్క రేగింది.

"చాలు మాస్టారూ! ఇదేమన్నా ఆడుకునే వయసా మీకు? నాకు చక్రం కావాలి. విప్పుతారా, నన్నే విప్పుకోమంటారా?"

మాస్టారు బాతును దగ్గరికి లాక్కున్నాడు. పట్టుకారు తీశాడు. ఒక్కో నాలుకనూ ఊపిరి బిగబట్టి లేపాడు. "రెండు సగాలూ కదలకుండా పట్టుకో," అన్నాడు. ఫణి రెండు చేతులతో పట్టుకున్నాడు. మాస్టారు లోపలి స్ప్రింగు వదులు చేసి, చక్రం తీసి బల్ల మీద పెట్టాడు.

ఫణి గుండె గంతేసింది. అవే పళ్లు, అదే ఇత్తడి.

అప్పుడే బల్ల మీదున్న ఫణి ఫోన్ మోగింది. అతని చేతులు ఖాళీ లేవు. "వద్దు మాస్టారూ, వదిలేయండి," అంటుండగానే మాస్టారు స్పీకర్ నొక్కాడు.

"బాబూ, నేను సుభద్రని. మా బాతు బావుందా? నడుస్తోందా?"

"నడుస్తోందండీ," అన్నాడు ఫణి.

"మా తమ్ముడు దాని వెనకాలే నడక నేర్చాడు. వాడు పోయి ఆర్నెల్లవుతోంది. పిల్లలు చూస్తారన్నావు గదాని ఇచ్చాను గానీ, ఇంట్లో ఆ చప్పుడు లేక ఏదోగా ఉంది. ఒక్కసారి వినిపిస్తావా?"

చేతుల్లో రెండు ఖాళీ రేకు డొప్పలు. ఫణి మాస్టారి వైపు చూశాడు. మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటున్నాడు.

"సాయంత్రం... సాయంత్రం వినిపిస్తానమ్మా."

ఫోన్ ఆగాక ఫణి డొప్పలను మెల్లగా బల్ల మీద పెట్టాడు.

తర్వాత లేచాడు. మూలనున్న తొట్టిలోంచి గుప్పెడు బంకమన్ను తీసి పిసికాడు. చక్రాన్ని అందులో నొక్కి అచ్చు తీశాడు. రెండోవైపూ తీశాడు. చక్రాన్ని కిరసనాయిలుతో కడిగి, పళ్ల సందుల్లో మన్ను లేకుండా గుడ్డతో తుడిచాడు. మాస్టారు పట్టుకారు అతని వైపు జరిపి పక్కకు తప్పుకున్నాడు.

తీయడం పావుగంటలో అయింది. పెట్టడానికి సాయంత్రమైంది. స్ప్రింగు మూడుసార్లు ఎగిరి మంచం కిందికి పోయింది. ఒక నాలుక విరిగితే, తిట్టుకుంటూ సోల్డరింగ్ పెట్టి అతికించాడు. చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది.

తాళం తిప్పి వదిలాడు. బాతు కదల్లేదు. వేలితో తోశాడు. ఒకటి, రెండు, ఆపైన టకటకమంటూ నడిచింది. నడక కొంచెం ఎడమకు ఒరిగింది.

ఫణి నిడదవోలుకు ఫోన్ చేసి, బాతుకు మళ్లీ తాళం తిప్పి, ఫోన్‌ను దాని పక్కన పెట్టాడు. అవతల సుభద్రాయమ్మ తాళం అయిపోయేదాకా విన్నది.

"అమ్మా, వచ్చే ఆదివారం దీన్ని తెచ్చి మీకిచ్చేస్తాను," అన్నాడు.

ఫోన్ జేబులో పెట్టుకున్నాడో లేదో, అయిదు రోజుల కోపం మళ్లీ పైకి తన్నింది.

"విప్పొద్దన్న మాటేదో మొదటిరోజే చెప్పొచ్చుగా మాస్టారూ! ఇన్ని రోజులు నన్ను తిప్పారు!"

మాస్టారు బాతును గుడ్డలో చుట్టి అతని చేతికిచ్చాడు.

"మొదటిరోజు నువ్వు చక్రం తెచ్చావు ఫణీ. బాతును ఇవాళే తెచ్చావు."