ఆంబోతు వీపు మీద మట్టి

ఒకప్పుడు ఆంబోతులు కాలితో నేల తవ్వేవి కావు. మట్టి ఎగజిమ్మి వీపు మీద పోసుకునేవి కావు. వాటికా అవసరమే ఉండేది కాదు. పుట్టిన మందలోనే పెరిగి, ఆ మందకే పెద్దదిక్కుగా ఉండి, ముసలివై ఆ గడ్డి మీదే కన్నుమూసేవి.

ఆ రోజుల్లో ఎర్రకొండకు తూర్పున సుంకమ్మ అనే ఆవిడ ఆవుల్ని మేపుకునేది. మందకంతటికీ ఒక్కడే ఆంబోతు. వాడి పేరు పుల్లడు. పుట్టిన మూడో రోజే వాడి తల్లి చచ్చిపోతే, సుంకమ్మే గంజి పట్టి, తన గుడిసెలోనే ఉంచుకుని సాకింది. పిల్లల్లేని మనిషి. వాడే ఆమెకు బిడ్డ.

కొండంత ఎదిగాక కూడా పుల్లడు గుడిసెలోకి తల దూర్చి "అమ్మా, గంజి!" అనేవాడు. తల పట్టేది, కొమ్ములు పట్టేవి కావు. తలుపు రెండుసార్లు ఊడి పడింది. మనుషుల మీద అయినదానికీ కానిదానికీ గయ్యిమనే సుంకమ్మ, వాడిని మాత్రం పల్లెత్తు మాట అనేది కాదు.

కొన్నేళ్ళు బాగానే గడిచాయి. పుల్లడి దూడలు గంతులేస్తూ పెరిగాయి. పెయ్యలు ఆవులై చూలు కట్టాయి. అప్పుడు మొదలైంది కష్టం. ఆ ఏడు పుట్టిన మొదటి దూడ లేచి నిలబడలేదు. రెండోదానికి కళ్ళు కనబడలేదు. మూడోది తల్లి పొదుగు దాకా వెళ్ళకుండానే పోయింది.

దిష్టి తగిలిందనుకుంది సుంకమ్మ. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. గడ్డి మంచిది కాదని మందను వాగు అవతలికి తోలింది. నీళ్ళు మంచివి కావని ఇంకో మడుగుకు తోలింది. గడ్డినీ నీళ్ళనూ నోరారా తిట్టింది.

గడ్డి ఊరుకుంటుందా? "నన్నెందుకు ఆడిపోసుకుంటావు? కుందేళ్ళు నన్నే తింటున్నాయి. వాటి పిల్లలు బాగానే ఉన్నాయి గదా" అంది.

"నా మాటా అదే" అంది మడుగు.

మందలో అందరికన్నా పెద్దది కపిలావు. అది నెమరు ఆపి తలెత్తింది.

"సుంకమ్మా, తెలిసీ తెలీనట్టుంటే ఎట్లా? ఈ దూడలకు తండ్రీ పుల్లడే, తాతా పుల్లడే. ఒకటే నెత్తురు తిరిగి తిరిగి బలం లేకుండా పోయింది. ఇంకో ఆంబోతు రావాల. వీడు పోవాల."

"నోర్ముయ్!" అంది సుంకమ్మ. ఆ రోజు ఆమె కూడు ముట్టలేదు.

నాలుగు రోజులకు కొండ పడమటి వైపు మంద మేపే ఓబులేసు కనుమ దాటి వచ్చాడు. అతని ముఖమూ వాడిపోయి ఉంది.

"అక్కా, మా మందలో గూడా ఇదే కత. మా ఆంబోతు నల్లోణ్ణి నువ్వు తోలుకో. మీ పుల్లణ్ణి నాకియ్యి. రెండు మందలూ బతుకుతాయి" అన్నాడు.

సుంకమ్మ పగ్గం తెచ్చి ఇచ్చింది. అతను నల్లోణ్ణి అక్కడ వదిలి పుల్లణ్ణి తోలుకుపోయాడు. కానీ మూడో రోజు మధ్యాహ్నానికి పుల్లడు తెగిన పగ్గం ఈడ్చుకుంటూ వచ్చేశాడు. గుడిసెలో తల దూర్చి "అమ్మా, గంజి!" అన్నాడు.

ఎవరైతే మాత్రం ఏం చేస్తారు? సుంకమ్మ గంజి పోసింది. వెతుక్కుంటూ వచ్చిన ఓబులేసుతో "నా బిడ్డను నేనియ్యను. నీ నల్లోణ్ణి నువ్వు తోలుకుపో" అని తెగేసి చెప్పింది. అతను తలొంచుకుని వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడు ఆరు దూడలు పుట్టాయి. అయిదు ఆ వారంలోనే పోయాయి. ఆరోదాన్ని సుంకమ్మ గుడిసెలో పెట్టుకుని, పుల్లడికి పట్టినట్టే గంజి పట్టింది. నాలుగో నాడు అది ఆమె ఒళ్ళో తల పెట్టి, మళ్ళీ ఎత్తలేదు. కపిలావు చూసింది గానీ ఏమీ అనలేదు. అదేదో తిట్టినా సుంకమ్మకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఈసారి ఆమే పగ్గం వేసింది.

"నేనేం తప్పు చేసినానమ్మా?" అన్నాడు పుల్లడు.

"నీ తప్పేం లేదు నాయనా. నువ్వుంటే నీ బిడ్డలు బతకరు. అంతే. మూడేండ్లు ఓపిక పట్టు. నేనే వచ్చి తోలుకొస్తా."

"అప్పటికి మన నేల గుర్తుంటాదా నాకు?"

"వాసన పట్టుకో. మరిచిపోవు."

పుల్లడు మూతి నేలకానించి గట్టిగా పీల్చాడు. అది చాలదనిపించింది. ముందు కాలితో నేల తవ్వి, మట్టిని వీపు మీదికి ఎగజిమ్ముకున్నాడు. మూపురం ఎర్రగా నిండిపోయింది. ఒక్క రేణువు కూడా రాలకుండా మెల్లగా నడిచాడు.

కనుమ మధ్యలోకి వచ్చేసరికి వాన పట్టుకుంది. "కాసేపు ఆగవమ్మా వానా!" అని సుంకమ్మ బతిమాలింది.

"ఆగితే మీ గడ్డే ఎండుతుంది" అంది వాన. మట్టంతా కడిగేసి మరీ పోయింది.

ఓబులేసు మంద దగ్గర సుంకమ్మ పగ్గం వదిలి, వెనక్కి తిరిగి చూడకుండా నల్లోణ్ణి తోలుకుని వచ్చేసింది. వెనకాల పుల్లడి రంకె కనుమ దాకా వినబడింది.

మరుసటి ఏడు నల్లోడి దూడలు పుట్టాయి. పుట్టిన గంటకే లేచి, తోకలెత్తి పరుగులు తీశాయి. సుంకమ్మ వాటిని చూసి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

మూడేళ్ళు నిండాయి. కుండ నిండా గంజి పట్టుకుని కనుమ ఎక్కింది. ఎదురుగా ఓబులేసు ఒక తెల్ల ఆంబోతును తోలుకొస్తున్నాడు.

"పుల్లడేడీ?"

"వాడు మీ మందకెట్లా వస్తాడక్కా? నీ ఆవుల్లో సగం వాడి బిడ్డలే గదా. ఇంకా అవతలి మందకు తోలినా. వీడు అక్కడోడే. నల్లోడి పెయ్యలు గూడా ఎదిగినాయి గదా, ఇంక నీ మందకు వీడు."

ఆ సంగతి సుంకమ్మకు తెలియక కాదు. మాట ఇచ్చిన రోజున కూడా తెలుసు.

తెల్లోడు ఆమె నేల మీద కాలు పెట్టగానే మూతి ఆనించి వాసన చూశాడు. కాలితో తవ్వి మట్టి వీపున పోసుకున్నాడు. మళ్ళీ వాసన చూసి, "ఇది కాదు" అని రంకె వేశాడు.

"ఎవరు నేర్పినారు నీకిది?"

"దారిలో పుల్లడని ఒకాయన ఎదురైనాడు. యాడికి తోలినా ఇట్లా చూసుకోమన్నాడు. వాళ్ళమ్మ తోలుకొస్తానన్న నేల ఇదేనేమోనని ఆయన దినమూ చూస్తాడంట."

సుంకమ్మ తెచ్చిన గంజి తెల్లోడికే పోసింది.

అప్పటినుంచే ఆంబోతు ఎక్కడ నిలబడినా కాలితో నేల తవ్వుతుంది. మట్టి వీపున పోసుకుని, వాసన చూసి, రంకె వేస్తుంది. మనం దానికి పొగరనుకుని పక్కకు తప్పుకుంటాం. అది మాత్రం ఇంటికొచ్చానా అని చూసుకుంటోంది.