బాతు మింగిన తాళంచెవి

జర్మనీలో వేజర్ నది ఒడ్డున ఉన్న ఒక పట్టణంలో ఊల్రిక్ అనే ఆయన ఊరూరా తిరిగి జానపద కథలు సేకరించేవాడు గాని, తను మాత్రం ఎవరికీ ఒక్క కథ కూడా చెప్పేవాడు కాదు. చెబితే ఇంకొకరు తనకంటే ముందే అచ్చు వేయించేస్తారని భయం. ముఖ్యంగా పక్క పట్టణంలో ఉండే కొన్రాడ్ అంటే అతనికి అస్సలు పడేది కాదు. కొన్రాడ్‌దీ అదే పని, అదే బుద్ధి.

ఒక చలికాలం ఉదయం ఊల్రిక్ నది దాటడానికి పడవ ఎక్కాడు. చూస్తే ఎదురుబల్ల మీద కొన్రాడ్! ఇద్దరూ చెరోవైపు ముఖం తిప్పుకున్నారు. నది మధ్యకు వచ్చేసరికి పొగమంచు కమ్మేసింది. పడవ ఇసుకమేటకు తగులుకుని పక్కకు ఒరిగింది.

"మంచు విడిచేదాకా ఎవరూ సాయానికి రాలేరు. కదలకండి, పడవ తిరగబడుతుంది" అన్నాడు పడవవాడు.

తల్లి ఒళ్లో ఉన్న మార్లీన్ అనే పాప బెదిరిపోయి ఏడుపు లంకించుకుంది. దిగిపోతానని గింజుకుంది. పాప గింజుకున్నప్పుడల్లా పడవ ఊగి నీళ్లు లోపలికి చిమ్మాయి.

"ఎవరైనా ఏదైనా చెప్పి దీన్ని ఊరుకోబెట్టండి బాబూ!" అంది తల్లి.

ఊల్రిక్ కొన్రాడ్ వంక చూశాడు. పాప వంక చూశాడు. ఇక ఆగలేకపోయాడు.

"ఏడవకమ్మా. రాజుగారి కోట తాళంచెవి మింగేసిన బాతు కథ చెప్పనా?" అన్నాడు.

పాప టక్కున ఏడుపు ఆపింది. కథలో బాతు పారిపోయింది. రాజు జోళ్లు లేకుండా మంచులో దాని వెంటపడ్డాడు. మంత్రి గడ్డం నిమురుకుంటూ బాతుల భాష నేర్చుకున్నాడు. పడవలో అందరూ నవ్వారు. అంతలో ఊల్రిక్ ఆగిపోయాడు.

"తర్వాత?" అంది పాప.

"నాకు తెలిసింది ఇంతేనమ్మా. చెప్పిన అవ్వకే మిగతాది గుర్తులేదు" అన్నాడు ఊల్రిక్ సిగ్గుపడుతూ.

పాప మళ్లీ ఏడుపు మొదలెట్టబోయింది. అప్పుడు కొన్రాడ్ గొంతు సవరించుకున్నాడు.

"ఈ కథ మొదలేమిటో నాకు ఇన్నాళ్లూ తెలియదు. ముగింపు మాత్రం తెలుసు. బాతు గుడ్డు పెట్టింది, అందులోంచి తాళంచెవి ఊడిపడింది. కానీ అప్పటికే రాజుకు తను తలదాచుకున్న రైతు ఇంటి వేడి సూపు అలవాటైపోయింది. కోటకు రానని మొండికేశాడు!"

పాప కిలకిల నవ్వింది. ఊల్రిక్ అందరికంటే గట్టిగా నవ్వాడు.

మంచు విడిచాక మరో పడవ వచ్చి అందరినీ ఒడ్డుకు చేర్చింది. ఇద్దరూ కథకు ఏం పేరు పెట్టాలా అని వాదించుకుంటూనే ఒకే సత్రంలోకి దూరారు. వసంతం వచ్చేసరికి ఆ కథ ఇద్దరి పేర్లతోనూ అచ్చయింది.

నీతి: తెలిసినదాన్ని దాచుకుంటే కొంతే మిగులుతుంది, నలుగురితో పంచుకుంటే నిండుతుంది.