హ్యాండ్ బ్రేకు పట్టిన రోజు

మా కొండయ్య సామిని ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు ఏదో ఒక పని చెప్పేవారు. మోక్షం గురించి అడిగినవాడికి చేట ఇచ్చి బియ్యంలో రాళ్ళు ఏరమన్నారు. మాయ అంటే ఏమిటని అడిగినవాడు పొద్దుగూకే దాకా కందికాయలు ఒలిచాడు. పని పూర్తయ్యేసరికి కొందరికి జవాబు దొరికేది, కొందరికి ప్రశ్నే మరుపుకొచ్చేది. అందుకే కందికాయలు చేతికొచ్చే రోజుల్లో మా ఆశ్రమంలో సందేహాలు బాగా తక్కువగా ఉండేవి.

ఆశ్రమం బండి తోలే ఓబులేసు ఆ రోజు పొద్దున అడిగింది మాత్రం ఊసుపోక అడిగిన ప్రశ్న కాదు. "సామీ, చేసిన తప్పును మనిషి దిద్దుకుంటే అది పోయినట్లేనా?" అన్నాడు. సామి అతని మొహంలోకి చూసి, "బండిని పీరా రిపేరు షెడ్డు కాడికి తోలు. నేనూ వస్తా," అన్నారు. నన్నూ వెనక ఎక్కమన్నారు.

ఏ తప్పో మాకందరికీ తెలుసు. ఆ పాత పికప్ బండిని ఒక భక్తుడు, తనకిక పనికిరాదని తేల్చుకున్నాక ఆశ్రమానికి దానమిచ్చాడు. పుణ్యం ఆయనకు, రిపేర్లు మాకు. దాని హ్యాండ్ బ్రేకు లాగితే చేతితోపాటు పైదాకా లేచి వచ్చేదే గానీ చక్రాన్ని పట్టేది కాదు. ఆశ్రమం ఉన్నది గుట్ట మీద, దారంతా వాలు. బండి ఆపినప్పుడల్లా ఓబులేసు దిగి వెనక చక్రం కింద ఒక నల్లరాయి పెట్టేవాడు. బ్రేకు రేపు చేయిద్దాం, ఎల్లుండి చేయిద్దాం అంటూ ఏడాది గడిపాం. ఈలోగా ఆ రాయికి మర్యాద పెరిగింది. ఆయుధపూజనాడు దానికి పసుపు కుంకుమలు పెట్టి, పూలు చుట్టి, కొబ్బరికాయ కొట్టాం. "సామి బండికి బ్రేకెందుకు, ఆయన దయ చాలదా," అని ఎవరో అంటే అందరం నవ్వాం. హారతి పళ్ళెం పట్టుకున్నది నేనే. సామి కూడా ఆ హారతి కళ్ళకద్దుకున్నారు. పూజ చేసినంత శ్రద్ధలో పావలా వంతు మరమ్మతుకు పెట్టి ఉంటే ఈ కథ చెప్పే పని నాకు ఉండేది కాదు.

దసరా వెళ్ళిన నెలకు ఓబులేసు ఒకరోజు హడావుడిలో రాయిని వంకరగా పెట్టాడు. అది జారింది. బండి వెనక్కి దొర్లుకుంటూ పోయింది. దిగువన మలుపులో చౌడమ్మవ్వ ఉడకబెట్టిన చెనక్కాయలు అమ్ముకుంటూ, గుట్టకు వీపు పెట్టి కూర్చుని ఉంది. మేము అరిచాం. ఆమె తిరిగి చూసేలోపే బండి తగిలింది, తొడ ఎముక విరిగింది. నాలుగు నెలలు మంచం మీద ఉంది. వైద్యం మేమే చేయించాం, పూటపూటా అన్నం తీసుకెళ్ళాం. అవ్వ మాలో ఒక్కరినీ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే మాకు కాస్త తేలికగా ఉండేదేమో. ఆ నాలుగు నెలలూ ఓబులేసు బండిని గుట్ట ఎక్కించలేదు. బస్సు రోడ్డు అవతల చదునులో నిలిపి, బస్తాలు భుజాన మోసుకుని ఎక్కాడు. ఓబులేసు ఆ ప్రశ్న అడగడానికి ముందురోజే అవ్వ కర్ర పట్టుకుని మళ్ళీ తన మలుపు దగ్గరికి వచ్చి గంప దించింది.

హుసేన్ పీరా వయసు మళ్ళిన మెకానిక్కు. మేము షెడ్డు చేరగానే జాకీ పెట్టి వెనక చక్రాలు లేపి, డ్రమ్ములు ఊడదీసి లోపలికి చూశాడు. "కేబులు తుప్పు పట్టి గొట్టంలోనే బిగుసుకపోయింది. చక్రాన్ని పట్టే షూలు అరిగి రేకులైనాయి," అన్నాడు. కొత్త కేబులు వేశాడు, షూలు మార్చాడు, బిగింపు సరిచూశాడు. ఆ రెండు గంటలూ ఓబులేసు పక్కన కూర్చుని, అడగకముందే పానా అందిస్తూ, విప్పిన ప్రతి బోల్టునూ గుడ్డతో తుడిచి వరుసగా పెట్టాడు. చివరికి పీరా చేతులు కడుక్కుంటూ, "పోయినేడు తెచ్చింటే గంట పని సామీ. నూనె ఏసి బిగిచ్చి పంపింటా," అన్నాడు. ఓబులేసు తల వంచుకున్నాడు. సామి, "వాడొక్కడే కాదు పీరా, నేనూ తల వంచుకోవాల్సినోణ్ణే. ఆ రాయికి హారతి పట్టనిచ్చినా," అన్నారు. 

షెడ్డు పక్కన కొంచెం వాలు ఉంది. బండిని అక్కడికి తోలి, గేరు తీసేసి, హ్యాండ్ బ్రేకు లాగారు. లివరు టకటకమని అయిదు పళ్ళు లేచి గట్టిగా నిలిచింది. నేనూ ఓబులేసూ కలిసి తోసినా ఇసుమంత కదల్లేదు. నాలుగు నెలల తర్వాత వాడి మొహాన నవ్వు చూశాను. "పోదాం పాండి సామీ, అవ్వకు చూపిస్తా," అన్నాడు.

గుట్ట దారిలో చౌడమ్మవ్వను దాటి, కాస్త ఎగువన బండి ఆపాడు. హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజను ఆపి, గబగబా దిగాడు. "అవ్వా, చూడు! రాయి పెట్టలేదు. అయినా అడుగు జరగదు. ఇంక నిశ్చింతగా కూచో," అంటూ ముందువైపుకు పోయి, భుజం ఆనించి కిందికి తోశాడు. బండి కదల్లేదు. అయితే, బండి తనకు ఎగువన ఆగీ ఆగకముందే అవ్వ గంపను అక్కడే వదిలేసి, కర్ర పట్టుకుని, దారికి అవతలి గట్టుకు పోయి నిలబడింది. వాడు తోస్తున్నంతసేపూ కళ్ళు మూసుకుంది.

"సంతోషం నాయనా. సల్లగుండు," అంది.

"మరి వచ్చి కూచో అవ్వా."

"కూచుంటాలే, నువ్వు పో."

ఓబులేసు ఆమె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "ఇంకా నా మీద కోపమా అవ్వా?"

"కోపం యాలప్పా! నీ మీద కోపముంటే నువ్వు తెచ్చిన కూడు తినింటానా?" అంటూ అవ్వ వాడి చెయ్యి పట్టుకుంది. "బండి నిలబడిందని నాకూ కనపడతాంది. కాళ్ళే నా మాట ఇనవు."

విరిగి అతుక్కున్న కాలు వణుకుతోంది. బరువంతా కర్ర మీదా, రెండో కాలి మీదా మోపి, చూపు బండి వెనక చక్రాల మీద నిలిపి, అవ్వ అలాగే ఉంది. గంప చుట్టూ కాకులు చేరాయి, ఆమె వాటిని అదిలించడానికి కూడా రాలేదు. ఓబులేసు ఏం చెయ్యాలో తెలియక సామి వైపు తిరిగాడు. సామి అవ్వ కాళ్ళ వైపు చూశారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బండి కిందికి తీయి ఓబులేసూ," అన్నారు. "అవ్వ ఎంతసేపని నిలబడుతుంది!"