కూర్మయ్య వేసిన తోడు

అనగనగా, సముద్రానికి ఒక పూట బండి ప్రయాణం దూరాన, ఒక ఊళ్ళో కూర్మయ్య అని ఒకాయన ఉండేవాడు. తినడానికి తప్ప వంటింట్లోకి అడుగుపెట్టింది లేదు. వంట గురించి మాత్రం ఎంతసేపైనా మాట్లాడేవాడు. నవ్వకు. మీ అమ్మమ్మ కూడా కొత్తకాపురంలో పాయసంలో ఉప్పు వేసి, అది మా ఊరి పద్ధతని బుకాయించింది.

ప్రతి వేసవికీ కూర్మయ్య పెళ్ళాంపిల్లల్ని సముద్రానికి తీసుకెళ్ళేవాడు. ఆయన భార్య సన్యాసమ్మేమో పుట్టింటికి పోదామనేది. మూడేళ్ళుగా సముద్రమే గెలుస్తోంది.

ఆ ఏడు, రేపు ప్రయాణమనగా, ఆవకాయ ముక్కలు కొడుతూ సన్యాసమ్మ బొటనవేలు కోసుకుంది. వేలికి ఇంత లావు కట్టు.

"నేను వండుతానే" అన్నాడు కూర్మయ్య.

"మూడు రకాలు వండు. అక్కడికెళ్ళాక ఒక్కటైనా నోట పెట్టేలా ఉంటే ఏటా సముద్రమే. లేకపోతే వచ్చే వేసవి మా అమ్మ దగ్గరికి" అంది సన్యాసమ్మ.

తెల్లవారుతూనే కూర్మయ్య పొయ్యి ముట్టించాడు. సన్యాసమ్మ మంచం మీద కూర్చుని ఒక్కొక్కటే చెప్పింది.

"పులిహోరకి అన్నం ఆరబెట్టు" అంది. అంటే పళ్ళెంలో పరిచి చల్లార్చమని. కూర్మయ్యకి తెలిసిన ఆరబెట్టడం వడియాలదే. పెరట్లో గుడ్డ పరిచి అన్నం పోసి వచ్చాడు. కాకులు చుట్టాలందర్నీ పిలుచుకొచ్చాయి. మిగిలిందాన్ని మట్టిలోంచి ఏరి పులిహోర కలిపాడు.

ఆ తర్వాత "వేపుడులో ఉప్పు చూడు" అంది. కూర్మయ్య ఉప్పు జాడీ మూత తీసి, లోపలికి తొంగి చూశాడు.

"చూశాను. బాగానే ఉంది."

అప్పుడు "అన్నంలో గోరువెచ్చటి పాలు పోసి తోడు వెయ్యి" అంది. తోడంటే చెంచాడు పెరుగు. పెరుగన్నమే కలిపి పట్టుకెళ్తే ఎండకి పుల్లబడుతుంది. పాలన్నానికి తోడు వేస్తే దారిలోనే తోడుకుని, తినేవేళకి కమ్మగా ఉంటుంది.

కూర్మయ్య గిన్నె వంక జాలిగా చూశాడు. ఇంత దూరం ఈ అన్నం ఒంటరిగా ఎలా వస్తుంది, పాపం, అనుకున్నాడు. బుట్టలోంచి నాలుగు పచ్చిమిరపకాయలు తీసి, తొడిమలతో సహా అందులో పడేసి, మూత మీద గుడ్డ కట్టాడు.

"తోడు వేశావా?"

"ఒకటి కాదు, నాలుగు."

నాలుగు చెంచాలనుకుంది సన్యాసమ్మ. ఇంకేం, పులిసి చస్తుంది, అనుకుని మనసులోనే పుట్టింటికి మూట సర్దుకుంది.

మధ్యాహ్నానికి సముద్రం వచ్చింది. సరుగుడు చెట్ల నీడన గిన్నెలు దించారు.

పులిహోర కరకరలాడింది. "ఇసక ఇక్కడ ఉందిగా నాన్నా, ఇంటి నుంచి ఎందుకు తెచ్చావు?" అంది కూతురు.

ఆ తర్వాత వేపుడు.

"ఉప్పేదయ్యా?" అంది సన్యాసమ్మ.

"జాడీలో."

అంత సముద్రం ఎదురుగా పెట్టుకుని ఉప్పులేని కూర తిన్నది వాళ్ళే.

ఇక మిగిలింది పెరుగన్నం. కూర్మయ్య గుడ్డ విప్పి మూత తీశాడు. లోపల తెల్లగా, గట్టిగా, కమ్మగా తోడుకుని ఉంది. పిల్లలు రెండోసారి వడ్డించుకున్నారు.

"తోడు ఏం వేశావయ్యా?"

"మిరపకాయలు. ఒంటరిగా వస్తోందని."

సన్యాసమ్మ వేలికట్టు ఊడేలా నవ్వింది. మిరప తొడిమకీ పాలు తోడుకుంటాయి బంగారూ. కూర్మయ్యకి ఆ సంగతి అప్పుడే తెలిసింది.

"అయితే నువ్వే గెలిచావు" అంది సన్యాసమ్మ. నవ్వు కాస్త తగ్గింది.

కూర్మయ్య అది చూశాడు. చెయ్యి కడుక్కుంటూ, "గెలిచింది నేను కాదు, తొడిమ" అన్నాడు. "వచ్చే వేసవి మీ అమ్మ దగ్గరికే పోదాం. నీకు తోడు నేనొస్తా."

"రా. తొడిమ తీయకుండా రా" అంది సన్యాసమ్మ.

కథేమో కంచికి, మిరపేమో గిన్నెకి,
కూర్మయ్య అత్తింటికి, నిద్దరేమో నీ కంటికి.